సాగర తరణము



గ్రంథాలయ రజతోత్సవమునందు పుస్తకములను గూర్చి ప్రసంగించుట ఆచారము. అట్టి సభలో సముద్రపు ఈతను గూర్చిన ప్రసంగమేల యని కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఈ రెంటికిని ఒక సంబంధము కలదు. ప్రసంగము ముగియులోపల అది తనంతట తానే తేటపడగలదు.

తెలుగునాట ఈత క్రొత్త విద్య కాదు. ఊరి దిగుడుబావిలోనో, చెరువులోనో, పంటకాలువలోనో తండ్రియో మేనమామయో పిల్లవాని నడుమునకు జీలుగు బెండ్లు గాని, ఎండు సొరకాయ బుఱ్ఱలు గాని కట్టి నీటిలోనికి దింపెడివాడు. నాలుగు రోజులు నీరు మ్రింగి, అయిదవనాటికి బెండ్లు విప్పివేసి, పదవనాటికి గట్టుమీదినుండి దుముకుట మొదలుపెట్టెడివాడు ఆ పిల్లవాడు. పాఠశాల లేదు, రుసుము లేదు, పరీక్ష లేదు. ఊరికొక గజ ఈతగాడు మాత్రము తప్పక ఉండెడివాడు. బావిలో బిందె పడినను, చెరువులో మనిషి జారినను మొదట పిలుపు అతనికే అందెడిది.

అయితే బావి ఈతలో గట్టు ఎప్పుడును కంటికి ఎదురుగనే ఉండును. చేయి నొచ్చిన వెంటనే మెట్టు పట్టుకొనవచ్చును. నేడు చెప్పుకొనబోవునది గట్టు కనబడని ఈత. పట్టుకొనుటకు మెట్టు లేదు. కాలూనుటకు నేల లేదు. పది గంటలు, పదునైదు గంటలు, ఒక్కొక్కప్పుడు రేయింబగళ్ళు చేతులను నమ్ముకొని సాగిపోవలసిన ఈత అది.

దీనికి ఒక శాస్త్రమును, కొన్ని నియమములును కలవు. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న ఇంగ్లీషు ఛానలు మిక్కిలి ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు కలది. అచ్చటి ఈతలను పరిశీలించి ధ్రువపరచుటకు 1927లో ఒక సంఘము ఏర్పడెను. ఈతగాడు సాధారణమైన ఈత దుస్తులు, టోపి, కండ్లద్దములు మాత్రమే ధరింపవలెను. చర్మము ఒరసికొనకుండ కొవ్వువంటి పదార్థమును పూసికొనవచ్చును. వెంట ఒక పడవ వచ్చును. ఆహారమును త్రాటితో గాని, కఱ్ఱ చివర కట్టి గాని అందింతురు. కాని అతడు పడవను ముట్టరాదు. మరియొకరి చేతిని పట్టరాదు. ముట్టిన క్షణముననే ఆ ఈత ముగిసినట్లు లెక్క. పడవలో కూర్చున్న పరిశీలకుడు గడియారము చూచుచు ప్రతి విషయమును వ్రాసికొనుచుండును.

నిండ మునిగినవానికి చలి యేమిటి యని తెలుగువారి సామెత. ఆ సామెత ఇంగ్లీషు ఛానలులో చెల్లదు. వేసవి చివరను గూడ అచ్చటి నీరు 15 మొదలు 18 డిగ్రీల సెంటీగ్రేడు వరకే వేడియెక్కును. మానవ దేహపు వేడిమి 37 డిగ్రీలు. గంటల తరబడి ఆ నీటిలో నుండువాని ఒంటివేడిని నీరు కొంచెము కొంచెముగ లాగివేయును. మొదట వణకు, పిదప మాట తడబాటు, ఆపైన మతి తప్పుట. అందువలననే పడవలోనివారు ఈతగానిని మాటిమాటికి పలుకరించి, అతని సమాధానము సూటిగ వచ్చుచున్నదో లేదో గమనింతురు. ఇది చాలదన్నట్లు ఆటుపోటుల ప్రవాహము సుమారు ఆరు గంటల కొకమారు దిక్కు మార్చుకొనును. కావున తిన్నగ ఈదబోయినవాని దారి వంకరటింకరయై, దూరము పెరిగిపోవును.

ఈ ఛానలును ఏ ఆధారమును లేక మొట్టమొదట ఈదినవాడు వర్తకనౌకలలో కెప్టెనుగ పనిచేసిన మాథ్యూ వెబ్. 1875 ఆగస్టు 24న డోవరు రేవున నీటిలోనికి దుమికి, మరునాడు ఫ్రాన్సులోని కాలే సమీపమున ఒడ్డు చేరెను. పట్టిన కాలము 21 గంటల 45 నిమిషములు. అంతకు కొలది రోజుల ముందు చేసిన మొదటి ప్రయత్నము తుపాను గాలుల వలన విఫలమయ్యెను. వెబ్ తరువాత రెండవవాడు ఆ పని సాధించుటకు 1911 వరకు, అనగా 36 సంవత్సరములు పట్టెను.

ఇది మగవారికే సాధ్యమని లోకము తీర్మానించుకొన్న కాలమున, 1926 ఆగస్టు 6న అమెరికా దేశపు యువతి గెర్‌ట్రూడ్ ఎడర్లీ ఛానలును ఈదెను. అంతకుముందు ఈదిన పురుషులందరికంటె తక్కువ కాలములో ఆమె ఒడ్డు చేరెను. అంతకు ముందటి ఏడు, 1925లో, ఆమెయు విఫలమైన మనిషియే. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. సాగర తరణ చరిత్రలో మొదట ఓడి, పిదప గెలిచినవారు పలువురు కనబడుదురు.

ఇచ్చటనే గ్రంథాలయమునకును ఈతకును గల సంబంధము తటస్థించుచున్నది. పురూలియాలో 1930లో జన్మించిన మిహిర్ సేన్ అను వంగ యువకుడు న్యాయశాస్త్రము చదువుటకు ఇంగ్లండు వెళ్ళెను. అచ్చట ఒకనాడు పత్రికలో ఒక వ్యాసము అతని కంట బడెను. ఫ్లోరెన్స్ చాడ్విక్ అను అమెరికా వనిత 1950లో ఛానలును ఈదిన వృత్తాంతము అది. అప్పటికి అతనికి ఈత అంతంతమాత్రముగనే వచ్చును. కాని చదివిన ఆ నాలుగు మాటలు మనస్సును విడువలేదు. ఈత కొలనులో పాఠములు మొదలుపెట్టెను. ఛానలులో పలుమారులు ఓడెను. తుదకు 1958 సెప్టెంబరు 27న 14 గంటల 45 నిమిషములలో ఛానలును దాటిన మొదటి భారతీయుడయ్యెను. 1966లో ఒక్క సంవత్సరముననే పాక్ జలసంధి, జిబ్రాల్టరు, డార్డనెల్సు, బాస్ఫరసు జలసంధులను, పనామా కాలువను ఈదెను. పాక్ జలసంధి ఈతలో భారత నౌకాదళము అతనికి తోడుపడెను. ఒక పత్రిక, ఒక పుట, ఒక మధ్యాహ్నపు చదువు: ఇంత సాహసమునకు మూలము అది. చదువరి ఏ పుటను చదివి ఏ సముద్రమునకు బయలుదేరునో గ్రంథాలయాధికారికి ముందుగ తెలియదు.

మిహిర్ సేన్ వెనువెంటనే కలకత్తా నగరపు ఆరతీ సాహా బయలుదేరెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పాల్గొనునాటికి ఆమెకు పండ్రెండేండ్లయినను నిండలేదు. 1959 ఆగస్టు 27న ఛానలులో దిగి, గంటల తరబడి ఈది, ఇంగ్లండు తీరము ఇక అయిదు మైళ్ళున్నదనగా ఎదురు ప్రవాహములో చిక్కుకొని విరమింపవలసివచ్చెను. అయిదు మైళ్ళ దూరములో ఓడిపోవుట మొదటి మైలులో ఓడిపోవుటకంటె కష్టము. ఆమె ఇంటికి తిరిగి రాలేదు. నెల రోజులు ఆగి, సెప్టెంబరు 29న మరల నీటిలో దిగి, 16 గంటల 20 నిమిషములలో దాటెను. ఛానలును ఈదిన మొదటి ఆసియా మహిళ ఆమెయే. 1960లో భారత ప్రభుత్వము ఆమెను పద్మశ్రీతో గౌరవించెను.

పరదేశపు సముద్రములను విడిచి ఇక మన దక్షిణపు తీరమునకు వత్తము. రామాయణము విన్న ప్రతి తెలుగువానికిని ధనుష్కోటి పేరు తెలియును. అచ్చటినుండి లంకలోని తలైమన్నారు వరకు సముద్రము సుమారు 30 కిలోమీటర్లు. హనుమంతుడు లంఘించినదియు, వానరులు సేతువు కట్టినదియు ఈ ప్రాంతమేనని జనుల విశ్వాసము. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి పట్టణము కొట్టుకొనిపోయెను. శిథిలములు నేటికిని కనబడును. పాక్ జలసంధిని 1954లో సింహళమునకు చెందిన నవరత్నస్వామి ఈదెను. 2004లో వంగదేశపు బులా చౌదరి ఆ జలములను దాటిన మహిళగ కీర్తి గాంచెను. ఇచ్చటి నీరు ఛానలువలె చల్లనిది కాదు. కాని ఇసుక తిన్నెల నడుమ వడిగల ప్రవాహములు, మీద మండు ఎండ, తగిలినచోట నిప్పు పెట్టినట్లు మండించు జెల్లీచేపలు ఇచ్చట కలవు. రెండు ఋతుపవనముల నడుమ సముద్రము కొంత శాంతించిన నెలలలోనే ఈతగాండ్రు ఇచ్చటికి వత్తురు.

ఈ జలసంధిని హైదరాబాదు వారును ఈదిరి. పోలీసు శాఖలో ఉన్నతాధికారిగ పనిచేసిన రాజీవ్ త్రివేది 2012లో ఈదెను. విజయవాడకు చెందిన పోలీసు ఉద్యోగి తులసీ చైతన్యయు ఈ సాహసము చేసెను. వీరి తరువాత చెప్పుకొనదగిన పేరు గోలి శ్యామల.

శ్యామల వృత్తాంతము వినువారిని ఆలోచింపజేయునది. ఆమె పసితనమునుండి పతకములు గెలిచిన క్రీడాకారిణి కాదు. యానిమేషన్ చిత్రముల నిర్మాణములో కాలము గడపిన మనిషి. ఈత నేర్చుటకు ఆమె నీటిలో దిగునాటికే వయస్సు నలుబది దాటెను. ఆ వయస్సులో మన ఇండ్లలోని స్త్రీ క్రొత్త విద్య నేర్చెదనన్నచో వినవచ్చు మాటలు ఎట్టివో అందరికిని తెలిసినవే. ఈ వయస్సులో ఇదేమి పని యని అయినవారే అందురు. ఆమె అదియేమియు తలకెత్తుకొనక కొలను ఈత నేర్చెను. పిదప సముద్రపు ఈతవైపు మనస్సు పోయెను. రాజీవ్ త్రివేది ప్రోత్సాహమును, మార్గదర్శనమును ఆమెకు లభించెను.

2021 మార్చి 19న, ఇంకను తెల్లవారకమునుపే, లంక తీరమున ఆమె నీటిలో దిగెను. సాయంకాలమునకు ధనుష్కోటి వద్ద ఒడ్డు చేరెను. పట్టిన కాలము 13 గంటల 43 నిమిషములు. పాక్ జలసంధిని ఈదిన రెండవ మహిళ యని నాటి పత్రికలు వ్రాసెను. అప్పటికి ఆమె ఏబదికి చేరువైన మనిషి.

ఈ అంకెలను ఒకమారు ఇంటి లెక్కలలోనికి మార్చి చూతము. 30 కిలోమీటర్లనగా 50 మీటర్ల పెద్ద కొలనును ఆగకుండ 600 మార్లు దాటుట. గంటకు రెండు కిలోమీటర్లకు కొంచెము మించిన వేగము. దారిని నడచిపోవు మనిషి వేగములో సగమైనను లేదు. నిమిషమునకు ఏబది మార్లు చేయి విసరినదనుకొన్నచో, ఒడ్డు చేరులోపల 41 వేల మార్లకు మించి చేతులు ఆడవలెను. ఇందు ఏ ఒక్క విసురును ఘనమైనది కాదు. అందులో ఏదియు చూపరులకు వింత గొలుపదు. కాని వానిలో ఏ వేయింటిని విడిచినను ఒడ్డు చేరదు. సాగర తరణపు రహస్యమంతయు ఈ లెక్కలోనే యున్నది. ఇది బలము చూపు విద్య కాదు, విడువకుండుట నేర్పు విద్య.

ఆమె దీక్ష అంతటితో ఆగలేదు. 2024 డిసెంబరు చివరి రోజులలో విశాఖపట్టణపు తీరమున బయలుదేరి, దినమునకు కొంత దూరము చొప్పున ఈదుచు, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ చేరెను. దూరము సుమారు 150 కిలోమీటర్లు. వయస్సు 52 సంవత్సరములు. విశాఖనుండి కాకినాడకు రైలులో పోవువాడు కిటికీ వద్ద కునికిపాట్లు పడుచు దాటిపోవు దూరము అది. దానిని ఒక స్త్రీ తన రెండు చేతులతో కొలిచెను.

జీవితకాలపు అభిలాష యనగానే పుట్టుకతో వచ్చిన అభిలాష యని చాలమంది భావింతురు. చిన్ననాట మొదలుపెట్టలేదు గనుక ఇక తమకు రాదని ఎన్నియో కోరికలను కట్టిపెట్టుదురు. శ్యామల చరిత్రయు, మిహిర్ సేన్ చరిత్రయు వేరొక సంగతి చెప్పుచున్నవి. అభిలాష ఎప్పుడు మొదలయ్యెనన్నది ప్రశ్న కాదు. మొదలైన పిమ్మట ప్రతి దినమును దానికి కొంత కాలము ఇచ్చితిమా లేదా యన్నదే ప్రశ్న. నలుబది యేండ్ల వెనుక మొదలైనను, మిగిలిన ఆయుష్షంతయు దానిని విడువనిచో, అదియు జీవితకాలపు అభిలాషయే.

ఇట్టి ఈతకు సిద్ధపడుట ఒకనాటి పని కాదు. మొదట కొలనులో దూరము పెంచుకొనవలెను. కుడివైపును ఎడమవైపును తల త్రిప్పి ఊపిరి తీయుట అలవరచుకొనవలెను. అల ఏ వైపునుండి కొట్టునో తెలియదు గదా! పిదప బయటి నీటిలో, చలిలో, చీకటిలో ఈదుట నేర్వవలెను. ఇంచుమించు అరగంట కొకమారు గోరువెచ్చని ద్రవాహారమును ఈదుచునే త్రాగవలెను. సముద్రజలములో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. ఆ ఉప్పు మనిషిని కొంత తేల్చి మేలు చేయును. కాని గంటలు గడచిన కొలది నాలుకను వాచజేయును, మెడ వద్దను చంకల వద్దను ఒరసిన చర్మమును మండించును. వీనికంటె కఠినమైనది మనస్సు. తల నీటిలో నున్నవానికి మాటలు వినబడవు, ముందు ఏమియు కనబడదు. తన ఆలోచనలే తనకు తోడు.

1952 జూలైలో ఫ్లోరెన్స్ చాడ్విక్ కాలిఫోర్నియా తీరమున కాటలీనా జలసంధిని ఈదుచు, సుమారు పదునారు గంటల అనంతరము దట్టమైన మంచులో ఒడ్డు కనబడక విరమించెను. పడవ యెక్కిన పిమ్మట ఒడ్డు ఒక మైలు దూరములోపలనే యున్నదని తెలిసెను. రెండు నెలల తరువాత ఆమె మరల వచ్చి దానిని దాటెను. చలియు, అలసటయు ఓడింపలేని మనిషిని ఒడ్డు కనబడకపోవుట ఓడించెను.

కీర్తి ఈతగానికి దక్కును. కాని పడవలోనివారిని మరువరాదు. దారి చూపు నావికుడు, ఆహారమందించు చేయి, మనిషి రంగు మారుచున్నదా యని కనిపెట్టు వైద్యుడు, చీకటిలో దీపము పట్టువాడు లేనిచో ఏ సాగరమును ఎవరును ఈదలేరు. ఏరు దాటి తెప్ప తగులబెట్టినవాని కథ మన ఊళ్ళలో అందరికిని తెలిసినదే. మంచి ఈతగాడు ఒడ్డెక్కిన తరువాత మొదట పడవవారికి నమస్కరించును.

సాహసమునకును దుడుకుతనమునకును నడుమ ఒక గీత కలదు. ఛానలును జయించిన ఆ మాథ్యూ వెబ్ 1883 జూలై 24న నయాగరా జలపాతము దిగువనున్న సుడుల ప్రవాహములో ఈదబూని ప్రాణములు పోగొట్టుకొనెను. నీరు పూర్వపు విజయములను లెక్కచేయదు. ఈ మాట యువకులు ముఖ్యముగ వినదగినది. తోడు లేక, లోతు తెలియక, పందెమునకు నీటిలో దుముకుట ఈత కాదు.

ఈ ప్రగతినగరము సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఒకప్పటి గ్రామపు పొలిమేరలలో నేడు హైటెక్ సిటీకి పోయి వచ్చువారి గృహములు వెలసినవి. అంబీర్ చెరువు మాత్రము కంటికి ఎదురుగనే యున్నది. మహానగరపు చెరువులన్నిటివలెనే దానికిని మురుగునీటి బెడద తప్పలేదు. ఒకనాడు పిల్లలకు ఈత నేర్పిన బావులు పూడిపోయినవి. చెరువులు ఈదదగినవిగ లేవు. కావున చుట్టును నీరుండియు ఈత రాని తరము ఒకటి పెరుగుచున్నది. వేసవి సెలవులలో స్వగ్రామమునకు పోయిన పిల్లలు కాలువలోనో, క్వారీ గుంటలోనో మునిగిన వార్త లేని ఏడు లేదు. 2021లో ప్రపంచమంతట నీట మునిగి సుమారు 3 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టినది. వారిలో పసివారి సంఖ్య పెద్దది.

అందువలన ఈ ప్రసంగము విన్నవారిలో ఎవరును పాక్ జలసంధిని ఈదకపోయినను లోపము లేదు. ప్రతి ఇంటనున్న ఆడపిల్లకును మగపిల్లవానికిని శిక్షకుని ఎదుట, శుభ్రమైన కొలనులో ఈత నేర్పించినచో చాలును. తల్లులు గూడ నేర్చుకొనవచ్చును. నలుబది దాటినదన్న సాకు ఇక చెల్లదు. మునుగుచున్నవానిని చూచినప్పుడు ఈత రానివాడు నీటిలో దుముకరాదని, తాడు గాని, వెదురు గడ గాని, చీర గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని విసరవలెనని, కేకవేసి నలుగురిని పిలువవలెనని పిల్లలకు బోధింపవలెను. చెరువును శుభ్రముగ నిలుపుకొనుట గూడ ఈత విద్యలోని భాగమే.

తెలుగుదేశపు గ్రంథాలయోద్యమమునకు నీటితో పాత చుట్టరికమే కలదు. 1935లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు మండలపు కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిరి. నాడు పడవ ప్రయాణికులకు పుస్తకములు నీటిమీద వచ్చెను. మిహిర్ సేనునకు సముద్రము ఒక పత్రికలోని పుటలో వచ్చెను. గ్రంథాలయము గూడ సాగర తరణపు పడవ వంటిదే. అది ఎవరి బదులును ఈదదు. ఎవరిని చేయి పట్టి లాగదు. పక్కనే యుండి, చీకటిలో దీపము చూపుచు, ఆకలివేళకు ఆహారమందించుచు, ఒడ్డు ఇంకెంతో దూరము లేదని చెప్పుచుండును. ఇరువదియైదేండ్లు అట్లు పక్కన నిలిచిన ఈ గ్రంథాలయము ఇంకను ఎందరినో తమతమ తీరములకు చేర్చుగాక.

స్వస్తి.